మూలుగ నిండుగానే ఉంది

చన్నప్ప పెదవులు పాలిపోయాయని మొదట కనిపెట్టింది భార్య జగదేవి కాదు, పక్కింటి కాశమ్మ. నారాయణఖేడ్ బజారులో చన్నప్పది కిరాణా దుకాణం. జొన్నల బస్తాను ఒక్కడే భుజానికెత్తుకునే మనిషి, ఆ ఎండాకాలం వచ్చేసరికి గద్దె మీది నుంచి లేవాలన్నా గోడ పట్టుకుంటున్నాడు. ఊళ్లో డాక్టరు నెత్తురు తక్కువైందని టానిక్కులు రాశాడు. సీసాలు ఖాళీ అయ్యాయి గానీ గుణం కనిపించలేదు.

"అక్కా, కోపం చెయ్యకు. మేక కార్జం పెట్టు. నెత్తురు జల్దీ పడుతది," అంది కాశమ్మ.

జగదేవి చెవులు మూసుకుంది. వాళ్లు లింగాయతులు. మెడలో లింగమున్న మనిషికి మాంసమా! కానీ ఒక పొద్దున చన్నప్ప పూజ ముగించి లేవబోయి, అక్కడే కూలబడ్డాడు. ఆ రోజే ఆమె పెరటి దారిన కాశమ్మ ఇంటికి పోయింది.

కాశమ్మ కార్జం ఉడికించి, మెత్తగా నూరి ఇచ్చింది. జగదేవి దాన్ని మిరియాల చారులో కలిపింది.

"గిదేంది?" అన్నాడు చన్నప్ప.

"కషాయం. తాగు."

అతను ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, కళ్లు మూసుకుని తాగాడు. ఆమె గిన్నెను బయట బూడిదతో తోమి, తలస్నానం చేసింది. దేవుడి ముందు కూర్చుంది గానీ తల ఎత్తలేకపోయింది. వర్షాలు పడేదాకా అలాగే సాగింది. చన్నప్ప మాత్రం ఇంకా నీరసించిపోయాడు.

చివరికి హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీసి పరీక్ష చేశారు. లేడీ డాక్టరు ఓపికగా చెప్పింది.

"ఎముకల్లో మూలుగ ఎండిపోలేదమ్మా, నిండుగానే ఉంది. నెత్తుటి కణాలు అక్కడే పుడుతాయి. పుడుతున్నాయి కూడా. కానీ ఎదిగి బయటికి రాకముందే వాటంతట అవే చచ్చిపోతున్నాయి."

"ఎవలు చంపుతున్నరమ్మా? పురుగా?"

"ఎవరూ కాదు. పాడైన కణం తనంతట తాను పోవడం ప్రతి ఒంట్లోనూ ఉన్న పద్ధతే. మంచిదే. ఈయనలో అది హద్దు దాటింది. ఈ సంగతి మాకూ ఈ మధ్యనే తెలుస్తున్నది. ఇంకా మందు లేదు. నెత్తురు ఎక్కించడమే."

"తిండి సాలక గాదా?"

"కాదమ్మా. ఏం తిన్నా ఇంతే."

జగదేవి కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరుగు ప్రయాణంలో బస్సు జోగిపేటలో ఆగింది. చన్నప్ప మెల్లగా అన్నాడు, "నాకు తొలిదినమే ఎరుకైంది. వాసనకే."

ఆమె గిర్రున అతని వైపు తిరిగింది. "మరెందుకు తాగినవ్?"

"నువ్వు అంతకు తెగించి తెస్తివి. పారబొయ్యనీకి నాకు మనసు రాలే."

"గది గూడ పనిచెయ్యకపాయె," అంటూ ఆమె భోరుమంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బస్సు నారాయణఖేడ్ చేరేదాకా వదల్లేదు.

ఆ తర్వాత నెత్తురు ఎక్కించడానికి హైదరాబాద్ తిరుగుళ్లు మొదలయ్యాయి. ఎక్కించగానే ముఖం కాస్త తేటపడేది. ఆ తేట ప్రతిసారీ ముందటికన్నా తొందరగా పోయేది. ఒకసారి కాశమ్మ మొగుడు మొగులయ్య కూడా వచ్చి నెత్తురిచ్చాడు.

"సావుకారీ, నా నెత్తుట్ల కల్లు గూడ ఉంటది, సూస్కో," అన్నాడు.

చన్నప్ప దగ్గొచ్చేదాకా నవ్వాడు. అతను నవ్వగా జగదేవి చూడడం అదే ఆఖరు.

చలికాలం మొదట్లో జ్వరం పట్టుకుంది. మళ్లీ బస్సెక్కే ఓపిక లేదన్నాడు. "ఇగ ఇంట్లనే ఉండనియ్యి," అన్నాడు. జగదేవి బతిమాలలేదు. తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెల్లవారి అంగళ్లు తెరిచే వేళకు అతను పోయాడు.

తమ ఆచారం ప్రకారం పొలం గట్టున గొయ్యి తీసి, అతన్ని కూర్చోబెట్టారు. నుదుటికి విభూతి పెడితే, ఆ పాలిపోయిన ఒంటి మీద అది సరిగా కనిపించనే లేదు. మట్టి వేస్తుంటే కాశమ్మ జగదేవిని వెనక నుంచి గట్టిగా పట్టుకుంది. జగదేవి ఏడవడం లేదు. గొయ్యి పూడ్చేవాళ్లను చూస్తూ, "మెల్లగ... జర మెల్లగ ఎయ్యుండ్రి," అంటూనే ఉంది.