రిమార్కుల గడి

కాగితం మడతను బొటనవేలితో రెండుసార్లు ఒత్తి, స్కానర్ అద్దం మీద బోర్లించాడు వీరన్న. మూత వేసి, వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు పాకేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అట్లా బిగబట్టక్కరలేదని జూనియర్ వకీలు మనోజ్ఞ చాలాసార్లు చెప్పింది. అలవాటు పోలేదు.

ఖమ్మంలో జయప్రకాశ్ వకీలు దగ్గర ముప్పై నాలుగేళ్లుగా గుమస్తా. పొట్టి మనిషి. పెన్ను దోపుకునే కుడిచెవి కొంచెం ముందుకు వంగిపోయింది. ఆఫీసులో ఎన్ని కేసు కట్టలుంటే అన్నీ ఆయన తలలో ఉండేవి. తండా పేరు, మనిషి పేరు చెబితే చాలు, నిచ్చెన ఎక్కి తిన్నగా ఆ కట్టే దించేవాడు.

ఏడాది కిందట వకీలు కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. కేసుకొక ఫోల్డరు. దానిలో పిటిషన్లు వేరు, తీర్పులు వేరు. పైన నంబరు, సంవత్సరం, పేరు. అడుగున రిమార్కులని ఒక గడి. అందరూ ఖాళీగా వదిలేసే ఆ గడిని వీరన్న ఒంటివేలితో కొట్టి నింపేవాడు. ‘ఈయనకు చెవుడు, గట్టిగ చెప్పాలె.’ ‘వానాకాలం వాగు దాటి రాలేరు, వాయిదా అడగాలె.’

వకీలు చూసి నవ్వాడు. “ఏందిది వీరన్నా? కేసులు ఎక్కియ్యమంటే ముచ్చట్లు ఎక్కిస్తున్నవ్?”

“ఉండనియ్యండి సార్. జాగా ఉన్నది కద.”

అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. పోయిన ఎండాకాలం నుంచి పేర్లు జారిపోతున్నాయి. ఒకరోజు నిచ్చెన మీద నిలబడి, ఎందుకు ఎక్కాడో గుర్తు రాక, ఊరికే దుమ్ము దులిపి దిగాడు. ఆ రోజు నుంచే గడిలో రాయడం ఎక్కువైంది.

పది దాటాక బాలి వచ్చింది. ఇల్లెందు అవతల అడవి అంచు తండా ఆమెది. మొగుడు సోమ్లా పోయి నాలుగేళ్లు. అతను కొట్టిన మూడెకరాల పోడు చెలకలో ఇప్పుడు అడవిశాఖ వాళ్లు మొక్కలు నాటుతామంటున్నారు. అడవి హక్కుల చట్టం ప్రకారం భూమి దక్కాలంటే రెండు వేల ఐదుకు ముందు నుంచే అక్కడ దున్నుతున్నట్టు కాగితం చూపాలి. మధ్యాహ్నం మూడు గంటలకు వాయిదా. ఇదే ఆఖరు అన్నాడు జడ్జి.

కాగితం ఉంది. అడవి కొట్టాడని రెండు వేల ఐదుకు చాలా ముందే సోమ్లా మీద కేసు పెట్టారు, జైలుశిక్ష పడింది. వాదించింది ఈ వకీలే. ఆనాటి ఆ తీర్పే ఈనాడు బాలికి ఆధారం.

మనోజ్ఞ సోమ్లా అని కొట్టింది. పదిహేడు ఫోల్డర్లు వచ్చాయి. ఇంటిపేరు కలిపి కొట్టింది. తొమ్మిది మిగిలాయి. ఒక్కొక్కటే తెరిచి తీర్పుల కోసం చూసింది, అడుగున గడి దాకా పోలేదు. ఐదింటిలో సగం కాగితాలు ఇంకా ఎక్కనే లేదు.

“పెద్దమ్మా, కేసు నంబరు ఏమైనా గుర్తుందా?”

“నంబర్లు నాకేం ఎరుక బిడ్డా? గుమస్తన్నకు అన్నీ ఎరుకే.”

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. వీరన్న తలెత్తి అరల వంక చూశాడు. కిటికీ పక్క బీరువా, దాని పక్కది, తలుపు మీది చెక్క. ఏ అరా పలకలేదు. చొక్కా కాలరు కింద చెమట దిగింది.

“ఏందన్నా, నన్నే మరిసినవా?” బాలి నవ్వింది. “మా ఇంట్ల జొన్నరొట్టె తిన్న రోజు యాదికున్నదా?”

రొట్టె యాదికి ఉంది. కట్ట లేదు.

“గుర్తొస్తలేదు బాలీ,” అన్నాడు.

ఆ గదిలో ఆ మాట అనడం ఆయనకు అదే మొదలు. బాలి నవ్వు ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గట్లంటే ఎట్లన్నా? ఆయన్ను పట్టుకపోయిన నాడే ఎడ్లబండిని సుత పట్టుకపోయిండ్రు. ఎర్ర గిత్త ఫారెస్టోళ్ల దొడ్లనే పానం ఇడిచె. చిన్నదాన్ని సంకనేసుకొని నీ దగ్గరికే కద వచ్చిన.”

మనోజ్ఞ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత వెతికే గడిలో ‘ఎర్ర గిత్త’ అని కొట్టింది.

ఒకే ఫోల్డరు వచ్చింది.

“బాబాయ్, ఇలా రా. నువ్వు రాసిందే చూడు!”

వీరన్న కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు. ‘బాలి పెనిమిటి. బండి పట్టుకున్నరు. ఎర్ర గిత్త దొడ్లో సచ్చింది. కోర్టు ముద్ర ఉన్న కాపీ తలుపు పక్క బీరువా, కింది అర.’ ఎవరో రాసిన ఉత్తరంలా మరోసారి చదివాడు. ఎప్పుడు రాశాడో గుర్తు లేదు. మనోజ్ఞ అప్పటికే కింది అర ముందు గొంతుక్కూచుని కట్ట లాగుతోంది. వీరన్న స్టూలు మీద కూలబడ్డాడు. పొద్దుట నుంచి కాదు, ఎండాకాలం నుంచి పట్టి ఉన్న ఊపిరి బయటికి వచ్చింది.

మూడున్నరకు జడ్జి ఆ తీర్పును అటూ ఇటూ తిప్పి చదివి, కేసు తేలేదాకా ఆ చెలకలో అడవిశాఖ వాళ్లెవరూ కాలు పెట్టొద్దన్నాడు. బాలి వరండాలో గోడకు ఆనుకుని కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుంది.

“ఆనాడు జైల్లేసిన కాగితమేనా గిది?”

“అవ్.”

“గిత్తను సుత రాసినవా అన్నా?”

“రాసిన్నట,” అన్నాడు వీరన్న. ఇద్దరూ నవ్వారు.

ఐదింటికి వకీలు కోటు విప్పుతుండగా ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

“సార్, రేపటి సంది నేను రాను.”

“ఏమైంది? పానం బాగలేదా?”

“ఏం కాలే. ఇగ నేను లేకున్న నడుస్తది.”

వకీలు ఆయన ముఖంలోకి చూశాడు. అంత తేట ముఖం ఈ మధ్య చూడలేదు.

“ఇంకా రెండు బీరువాలున్నాయి కదా బాబాయ్,” అంది మనోజ్ఞ.

“తొందరేం లేదమ్మా. మెల్లగ ఎక్కియ్యి. గడిల రాసుకుంట ఎక్కియ్యి.”

టిఫిన్ డబ్బా, గొడుగు తీసుకుని మెట్లు దిగాడు. మలుపులో ఒకసారి ఆగి, వెనక్కి చూడకుండానే, వైరా పోయే బస్సుకు చెయ్యెత్తాడు.

లైట్లు ఆర్పబోతూ మనోజ్ఞ స్కానర్ దగ్గర ఆగింది. మూత మీద ఆయన కట్టలు కుట్టే దబ్బనం ఉంది. వేళ్లు పట్టే చోట నున్నగా అరిగి మెరుస్తోంది. బెజ్జంలో జానెడు తెల్లదారం, ముడి వెయ్యకుండా.