ఒక్క డైపర్ కూడా కొనని ఇల్లు

తీగ మీద ఆఖరి గుడ్డ ఆరేస్తూ, క్లిప్పు పళ్ళ మధ్య పెట్టుకుని, నిలబడే నిద్రపోయింది ఆమె. రెప్పపాటే. ఆ రెప్పపాటులోనే డాబా మెల్లగా పైకి లేచింది, పాప గుడ్డలన్నీ తెరచాపలై గాలికి పొంగాయి, ఎవరూ ఏమీ ఉతకని ఊరికి పడవ బయల్దేరింది. అంతలో కింద నుంచి పాప ఏడుపు. ఇంకెక్కడి పడవ!

పాపకి డైపర్లు కొనకూడదన్నది భర్తగారి తీర్మానం. "అవి మట్టిలో కలిసేసరికి మన మునిమనవలు ముసలివాళ్ళైపోతారు. గుడ్డలే వాడదాం," అన్నాడు. వాడదాం అన్నాడే గానీ, ఉతుకుదాం అనలేదు మహానుభావుడు. "మా రోజుల్లో డైపర్లెక్కడివమ్మా? మేం పెంచలేదూ?" అంటూ అత్తగారు వంత పాడింది. సబ్బు సరిగ్గా వదలకపోతే పాప ఒళ్ళు కందిపోతుందనీ, ముసురు పట్టిన రోజు ఒక్కో గుడ్డా ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాలనీ ఆమెకి తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అలాగని భూమి మీద ఆమెకి కోపమా? పాపం, అదేం చేసింది! తమ చెత్తబుట్ట తేలిగ్గా ఉంటే ఆమెకీ సంతోషమే. నిద్ర లేకే ప్రాణం పోతోంది. సెలవు అయిపోయింది, రేపు మందుల షాపులో డ్యూటీకి వెళ్ళాలి. ఈ మత్తులో ఎవరి చేతిలో ఏ మాత్ర పెట్టేస్తానోనని ఒకటే దడ.

కిందికి దిగేసరికి హాల్లో పక్కింటి దంపతులు. పాపని ఒళ్ళో పెట్టుకుని భర్తగారి ఉపన్యాసం. "ఇప్పటిదాకా ఒక్క డైపర్ కొంటే ఒట్టు! అలవాటైతే కష్టమేం కాదండీ."

నెలలు నిండుతున్న పక్కింటావిడ ఆశగా అడిగింది. "మరి మరకలెలా పోతాయండీ?"

ఆయన భార్య వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే పాప ఆయన ఒళ్ళో పని కానిచ్చింది.

"ఏమోయ్, కాస్త..." అంటూ పాపని ముందుకు చాచాడు.

ఆమె చేతులు అలవాటుగా లేచాయి, సగంలో ఆగాయి.

"బకెట్టు బాత్రూంలో ఉంది. ముందు చన్నీళ్ళు, తర్వాత సబ్బు. ఇవాళ్టి నుంచి ఉతకడం మీ వంతు. కుదరదంటారా, డైపర్లు తెచ్చుకోండి, నేనేమీ అనను," అంది. గొంతు కూడా పెంచలేదు.

"అదేంటమ్మా, వచ్చినవాళ్ళ ముందు..." అత్తగారు నొచ్చుకుంది.

"వాళ్ళకీ తెలియాలి కదా అత్తయ్యా," అంటూ ఆమె గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. దిండు చెంపకి చల్లగా తగిలింది. బాత్రూంలో కుళాయి తిప్పిన చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది. ఆ మధ్యాహ్నం భూమిని భర్త చేతుల్లో పెట్టి, ఆమె ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.