ఓడుం దుంగలు

ఘానా దేశపు కుమాసిలోని మా కార్ల రిపేరు షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కారు కింద దూరేవాడు దుంగలు పెట్టడు, పెట్టేవాడు దూరడు. ఒకడు జాకీతో కారు లేపి, చట్రం కింద ఇటొకటి అటొకటి ఓడుం అనే గట్టి కర్ర దుంగలు పెడతాడు. జాకీ దించి, బరువంతా వాటి మీదికి వచ్చాక సుత్తితో ఒక్కోదాన్నీ తడతాడు. వదులుగా ఉన్న దుంగ డొల్లగా మోగుతుంది. బరువెత్తుకున్నది గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. అప్పుడు రెండోవాడు "మోస్తోందా?" అని అడుగుతాడు. "మోస్తోంది, పడుకో" అన్నాకే వీపు నేలకి ఆనుస్తాడు. ఇరవై రెండేళ్లుగా నేనూ, నా జోడీ మెకానిక్కు అడోమాకోనూ ఈ మాట మీదే బతికాం.

ఇప్పుడు మా ఇద్దరికీ మాటలు లేక తొమ్మిది రోజులు.

తప్పు వాడిదే. ఎవడో టాక్సీవాడు తొందరపెట్టాడని దుంగలకి బదులు సిమెంటు ఇటుకలు పెట్టబోయాడు. "ఇళ్లు మోసేవి ఈ డొక్కు బండిని మోయవట్రా బాఫో?" అన్నాడు పైగా నాతో. సిమెంటు ఇటుక చెప్పా పెట్టకుండా పొడైపోతుంది. నాకు ఒళ్లు మండింది. ఇటుకలు లాగి పారేసి, పదిమందిలో "బుర్రలేని వెధవా! ఇక మీదట నా దుంగలు ముట్టుకోకు" అనేశాను. దుంగలు నేను కోయించినవే. అయినా ఆ మాట అనాల్సింది కాదు. వాడు అభిమానం గల మనిషి, మళ్లీ ముట్టుకోలేదు.

నేనూ తక్కువ తినలేదు. ఒక దుంగ మీద కూర్చుని, రెండోదాని మీద అలసందల అన్నం గిన్నె పెట్టుకుని తింటున్నాను. ఆ అన్నం అమ్మే బిరాగో అక్క ఊరుకుంటుందా?

"ఏం బాఫో, గుడ్ల మీద కోడిపెట్టలా కూర్చున్నావు. పిల్లలెప్పుడు దిగుతాయి?"

"నీ గిన్నెలు నువ్వు చూసుకో అక్కా."

"పెళ్లాం అలిగితే మొగుడు బతిమాలతాడు. ఇద్దరు ముసలి మొగాళ్లు అలిగితే ఎవడు బతిమాలాలి నాయనా!"

ఆ తొమ్మిదో రోజున ఉత్తరపు ఎండుగాలి మోసుకొచ్చిన దుమ్ము ఊరంతా కమ్మేసింది. మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ని కళ్లు చికిలించకుండా చూడొచ్చు. ఎదురు షెడ్డు సుత్తి దెబ్బలు ఏ పక్క ఊళ్లోనో పడుతున్నట్టున్నాయి. తింటూ తింటూనే నాకు కునుకు పట్టింది. కలలో మేమిద్దరం ఒక కారు కింద పక్కపక్కన పడుకుని ఉన్నాం. పైన కారు మెల్లగా, బరువు లేకుండా, దుమ్ములోకి తేలిపోతోంది. అడోమాకో నవ్వుతున్నాడు. వాడి నవ్వు చూసి ఎన్నాళ్లయిందో అనుకున్నాను కలలోనే.

కళ్లు తెరిస్తే నీలం కారు కింద నిజంగానే వాడి కాళ్లు కనిపించాయి. దుంగలు లేవు, ఒక్క జాకీయే ఉంది. లోపలి నుంచి సన్నగా గురక వస్తోంది. కారు నీడన మధ్యాహ్నం కునుకు తీయడం మా అందరికీ అలవాటే. జాకీ మెడ నుంచి నూనె కారుతోంది. కారు దిగుతోంది, కలలో తేలిన కారంత మెల్లగా. ఇంకా కలే అనుకున్నాను.

అరవబోయి ఆగాను. వాడి మోకాలు జాకీని ఆనుకుని ఉంది. ఉలిక్కిపడితే అంతే సంగతులు. వాడు పోతే చంపింది జాకీ కాదు, నేనే. గిన్నె బోర్లించి దుంగలు రెండూ ఎత్తుకు పరిగెత్తాను. చేతులు మాత్రమే లోపలికి పోనిచ్చి ఈ పక్క ఒకటి జరిపాను. అటు తిరిగి వెళ్లేసరికి రెండోదానికి సందు సరిగ్గా సరిపోయేంతే మిగిలింది. భయంతో ఏడుపొచ్చేసింది. అరచేత్తో నెట్టాను.

కారు చిన్నగా మూలిగి దుంగల మీద కూర్చుంది. జాకీ ఇంకా దిగిపోయింది. కారు దిగలేదు.

సుత్తి తీసుకుని ఇటు దాన్ని తట్టాను, అటు దాన్ని తట్టాను. రెండూ పొట్టిగా పలికాయి.

గురక ఆగింది. కళ్లు తెరవకుండానే, ఇరవై రెండేళ్ల అలవాటు గొంతుతో వాడు అడిగాడు.

"మోస్తోందా?"

"మోస్తోందిరా," అన్నాను. "పడుకో."