లగ్గం పత్రిక మీద డాక్టరు

పెళ్లయి ఇరవై రెండు రోజులు. శైలశ్రీ చేతులకింకా మోచేతి దాకా గాజులే. రోగికి బీపీ చూడాలంటే వాటిని పైకి తోసి, గలగల ఆగేదాకా ఓపిక పట్టాలి. స్టెతస్కోపులో ముందు గాజులు వినిపిస్తాయి, తర్వాతే గుండె. ఆమెకు సిగ్గూ వేస్తుంది, సంతోషమూ వేస్తుంది.

నారాయణఖేడ్‌లో డాక్టర్ స్వరూపరాణి నడిపే చిన్న దవాఖానలో ఆమె ఫిజీషియన్ అసిస్టెంటు. రోగిని మొదట చూసి, బాధ అడిగి రాసుకునేది ఆమె. మందు నిర్ణయించి సంతకం పెట్టేది డాక్టరు. ఇప్పుడు ఈ పని చేసేవాళ్ల పేర్లూ ప్రభుత్వ కౌన్సిల్‌లో నమోదు కావాలి. కాగితాలన్నీ సర్ది, దవాఖాన పద్ధతి ప్రకారం శైలశ్రీ ఇవ్వాల్సిన హామీ పత్రం కూడా జతచేసి ఆమె ముందు పెట్టింది స్వరూపరాణి.

"'నా పేరు ముందు డాక్టర్ అని ఎన్నడూ రాసుకోలేదు, రాయనివ్వలేదు.' చదివినవ్ గదా? సంతకం వెట్టు. రేపు పొద్దుగాల పంపాలె."

పెన్ను కాగితానికి తగలకముందే ఆగిపోయింది. లగ్గం పత్రిక! దాని మీద బంగారు రంగులో 'డాక్టర్ శైలశ్రీ' అని ఉంది. మామ బసన్న వేయించాడు. అచ్చయి వచ్చాకే ఆమె చూసింది. వద్దనలేదు సరికదా, ఆ అక్షరాల మీద వేలు పెట్టి రెండుసార్లు మురిసిపోయింది కూడా.

"రేపు వెడ్త మేడం," అంది చిన్నగా.

సాయంత్రం బండి మీద వస్తూ చెబితే భర్త రుద్రేష్‌కు నవ్వాగలేదు.

"మూడొందల పత్రికలు పంచినం శైలూ! నాగల్‌గిద్ద నుంచి కల్హేర్ దాకా నన్ను డాక్టరమ్మ మొగడంటుండ్రు. ఇగ అది గూడ పాయె!"

"నవ్వకు. సంతకం వెడితే అబద్ధం. వెట్టకపోతే నా పేరు ఎక్కదు."

అతను నవ్వాపి బండి నెమ్మది చేశాడు. "నాయినతోని చెప్పు. నేను పక్కనే ఉంట."

కందుల వ్యాపారం చేసే బసన్న వాకిట్లో సంచుల మూతులు కుడుతున్నాడు. కోడలు చెప్పింది విని దబ్బనం పక్కన పెట్టాడు.

"గుండె చూస్తవ్, సూది ఇస్తవ్. డాక్టరు గాక ఇంకేంది?"

"మందు రాసేది మేడం, మామా. తప్పయితే జవాబు చెప్పేది గూడ ఆమెనే."

"ఊరంత చెప్పుకున్న గదా బిడ్డా..." ఆయన గొంతు చిన్నబోయింది.

అంతలో పక్కింటి శంకరమ్మ గోడ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. "ఓ డాక్టరమ్మా, ఒక గోలి రాసియ్యే. రెండడుగులేస్తే దమ్ము వస్తుంది."

శైలశ్రీ ఆమె పాదం వేలితో నొక్కింది. వాపులో గుంట పడి అలాగే ఉండిపోయింది. బీపీ చూస్తే బాగా ఎక్కువుంది. ఏ మందు ఇస్తారో నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"నేను రాయొద్దవ్వా. డాక్టరును గాను. ఇప్పుడే మేడం దగ్గరికి పోవాలె."

"గాకుంటే పత్రిక మీద ఎందుకు కొట్టిచ్చిండ్రు? పక్కింటి ముసల్దానికి గోలి రాయనీకి గింత బెట్టా?"

రుద్రేష్ తండ్రి వైపు చూశాడు. బసన్న ఒడిలోని పురికొస దులుపుకుని లేచాడు.

"కొట్టిచ్చింది నేను శంకరమ్మా. మురిపానికి కొట్టిచ్చిన. పిల్ల చెప్పిందే ఖరా, అదే నిజం. నడువ్, ఆటో పిలుస్త, నేను గూడ వస్త."

స్వరూపరాణి చూసి, మందులిచ్చి, శంకరమ్మను దవాఖానలోనే ఉంచింది.

పొద్దున శైలశ్రీ హామీ పత్రంలోని 'రాయనివ్వలేదు' కొట్టేసింది. "మా లగ్గం పత్రికలో డాక్టర్ అని పడింది. చూసి ఊరుకున్నాను. ఇకమీద ఊరుకోను," అని కింద రాసి సంతకం పెట్టింది. శంకరమ్మకు జొన్న గటక తెచ్చిన బసన్న తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాడు.

"మేడం, నేను గూడ వెట్టాలె సంతకం."

"ఈ కాగితంల మామలకు జాగ లేదు బసన్నా."

"జాగ చెయ్యిండ్రి."

స్వరూపరాణి నవ్వాపుకుంటూ కాగితం ఆయన వైపు జరిపింది. ఆయన నిదానంగా, సరిహద్దు అవతలి బడిలో నేర్చిన కన్నడ అక్షరాల్లో, కోడలి పేరు కిందే సంతకం పెట్టాడు.

"ఇట్లనే పంపుత," అంది స్వరూపరాణి. "ఎవరన్న అడిగితే నేను మాట్లాడ్త."

గది బయటికొచ్చాక బసన్న కోడల్ని ఆపాడు. "నీ పని పేరు ఇంకోపారి చెప్పు బిడ్డా. ఊర్లె అడుగుతరు గదా."

"ఫిజీషియన్ అసిస్టెంట్, మామా."

"ఫిజీ... ఫిజీషెన్..." శంకరమ్మ మంచం దాకా అంటూనే పోయాడు. మూడోసారికి సరిగ్గా నోరు తిరిగింది. వెంటనే పక్క మంచం మీది ముసలాయన్ను తట్టి లేపాడు.

"ఏమయ్యా, నా కోడలెవరో ఎర్కనా?"