గొప్పింటి కళ

కర్టెన్ కడ్డీ కిటికీకి అంత పైన ఎందుకని రంగనాయకి రెండోసారి అడిగింది. జీవమ్మ పెదాల మధ్య మేకులు ఉన్నాయి కాబట్టి జవాబు చెప్పలేదు. స్టూలు మీద మునివేళ్ళపై లేచి, దూలానికి జానెడు కింద మేకులు దిగగొట్టి, వాటి మీద కడ్డీ ఆనించి, అప్పుడు పరదా వదిలింది. ఆకుపచ్చ పట్టు పైనుంచి నేలదాకా బరువుగా జారింది. నిన్నటిదాకా గూడులా ఉన్న కిటికీ నిలువెత్తున కనిపించింది. గది కూడా ఎత్తు పెరిగినట్టయింది. రంగనాయకి ఇక కడ్డీ సంగతి ఎత్తలేదు.

ఆ పరదా ఆమె పాతచీరే. పెట్టె అడుగున మడతల్లో చిట్లిపోతూ పడివుంటే, చిట్లిన చోట్లు కత్తిరించి, లోపల ఆమె భర్త వరదరాజులు పాత పంచెను అస్తరుగా వేసి జీవమ్మ కుట్టింది. అస్తరు పడితే ఏ గుడ్డకైనా బరువొస్తుంది, బరువొస్తే దర్జా వస్తుంది. కొత్తగా కొన్నవి దారమూ కడ్డీలూ, అంతే.

ఆళ్ళగడ్డలో వరదరాజులుది పాత మిద్దె. తరాలుగా అహోబిలం కోవెల పనుల్లో ఉన్న కుటుంబం. కొడుకు చక్రపాణి హైదరాబాదులో ఇంజనీరు. అతని పై ఆఫీసరు, తన భార్యతో కలిసి దర్శనానికి పోతూ ఈ మధ్యాహ్నం వీళ్ళింట్లో భోంచేస్తాడట. ఇల్లు గొప్పగా కనపడాలని కొడుకు కబురు పెట్టాడు గానీ, దానికి కావలసిన సరంజామా ఏదీ పంపలేదు. అందుకే నంద్యాల నుంచి జీవమ్మను పిలిపించారు. డబ్బున్నవాళ్ళు సామాను కొంటారు, లేనివాళ్ళు జీవమ్మను పిలుస్తారు.

ఆమె ముందు రోజే మొదటి బస్సుకు వచ్చి పని మొదలుపెట్టింది. ఏ ఇంట్లోనైనా ఆమె మొదట చేసేది తీసెయ్యడం. ఎరువుల కొట్టు కేలండర్లు, దుమ్ముపట్టిన ప్లాస్టిక్ పూలు, పెళ్ళిళ్ళలో వచ్చిన గోడ గడియారాలు అన్నీ దించి పక్కగదిలో పెట్టింది. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి గోడలు కొట్టింది. ఈ పొద్దు, ఆస్పత్రిలోలాగా గోడకు వరసగా ఉన్న కుర్చీలను ఇవతలికి లాగి ఎదురెదురుగా వేసింది. నిలువుటద్దాన్ని కిటికీకి ఎదురుగా పెట్టింది. వెలుతురు రెండింతలైంది. పెరట్లో నీళ్ళ కోసం వాడే రాగి గంగాళాన్ని చింతపండుతో తోమి, మూలన పెట్టి, అందులో వేపకొమ్మలు నిలిపింది. వాకిలికి ఎదురుగా ఉన్న పెద్దగోడను మాత్రం ఖాళీగా వదిలేసింది. అక్కడ బొమ్మేదైనా పెడదామని రంగనాయకి అంటే, వద్దంది. లోపలికి వచ్చే మనిషి కళ్ళు మొదట పడేది దాని మీదే, ఆ తెలుపు అట్లనే ఉండాలి అంది.

ఈ పని ఆమెకు చిన్నప్పుడే పట్టుబడింది. నంద్యాల మిషను బంగళాలో దొరసాని దగ్గర ఆయాగా ఉంటూ లేసు అల్లడం, పరదాలు కుట్టడం నేర్చుకుంది. దొరసాని వెళ్ళిపోయింది. నాపబండల గనిలో పనిచేసిన మొగుడు మత్తయి రాతిదుమ్ముకు ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. సూదీ సుత్తీ పట్టుకుని జీవమ్మ ఇల్లిల్లూ తిరిగింది. పత్తి వ్యాపారుల ఇళ్ళు, డాక్టర్ల ఇళ్ళు, గోస్పాడులో రెడ్ల ఇళ్ళు. నిశ్చితార్థమనో, మంత్రిగారి రాకనో ఆమెను పిలవడం, వెలవెలబోయే గదిని ఆమె కళకళలాడించడం, చుట్టాలు దిగకముందే పెరటి గుమ్మంలోంచి పంపించెయ్యడం. ఒక్కరంటే ఒక్కరు ఆమెను ఉండమనలేదు. ఇల్లు ఎవరు సర్దారని అడిగితే కోడలు సర్దిందనో, బొంబాయి పత్రిక చూసి సర్దామనో చెప్పుకున్నారు.

వంట చేసిన మనిషికి తినేవాళ్ళ ముఖాలు కనపడతాయి. రవిక కుట్టిన మనిషి దాన్ని తొడుక్కున్న పిల్లను తిరునాళ్ళలోనైనా చూస్తుంది. తాను చేసిన గదిలోకి మొదటిసారి అడుగుపెట్టిన మనిషి ముఖం ఎట్లుంటుందో జీవమ్మకు తెలియదు. జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, ఇప్పటికీ తెలియదు. మొదట్లో దాన్ని పట్టించుకోలేదు. తర్వాత్తర్వాత అదొక ఆకలైపోయింది. ఇదేం గొంతెమ్మ కోరికా? ఇంతమాత్రం అడగడానికి ఆమెకు సగం జీవితం పట్టిందంటే ఆ తప్పు ఆమెది కాదు.

ఆ పొద్దున అడిగింది.

"అమ్మా, ఈసారి నన్ను బేగా పంపొద్దు. వసారాలో స్తంభం కాడ నిలబడతా. వాళ్ళు లోపలికి అడుగుపెట్టేటప్పుడు ముఖం చూసి, అట్నే పోతా."

రంగనాయకి పరదా కేసి చూసింది, అద్దం కేసి చూసింది. "అట్నే కానీలే జీవమ్మా. ఓ పక్కగా ఉండు," అంది.

జీవమ్మ పెరట్లో కొళాయి దగ్గర చేతులకూ మెడకూ అంటిన సున్నం రుద్ది రుద్ది కడుక్కుంది. గొడ్లపాక వెనక్కి పోయి, సంచిలోంచి చర్చికి కట్టే తెల్లచీర తీసి కట్టుకుంది. కూతురు దెబోరాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడు క్రిస్మస్‌కు కొనుక్కున్న చీర. అంచుకు బెత్తెడు వెడల్పున లేసు తానే అల్లింది. రాత్రుళ్ళు కళ్ళు లాగుతున్నా అల్లింది. అంత లేసు ఏ షావుకారు భార్య చీరకూ లేదు. తలకు నీళ్ళద్ది దువ్వుకుని ఆమె వసారా వైపు వచ్చేసరికి లోపలి నుంచి రంగనాయకి కేక వినిపించింది.

ఆ ఇంట్లో పెద్దావిడ శ్రీరంగమ్మ, వరదరాజులు తల్లి. జీవమ్మ పనిచేసి వెళ్ళిన ప్రతిసారీ ఆమె మామిడిరెమ్మతో పసుపునీళ్ళు చల్లి ఇల్లు శుద్ధి చేస్తుంది. జీవమ్మకు ఆ సంగతి తెలుసు. నేల మీద చల్లేదే గదా, ఎండితే పోతుంది అని ఊరుకునేది. ఈసారి గోడలన్నీ తాకింది కదాని పెద్దావిడ గోడల మీద కూడా చల్లింది. వాకిలికి ఎదురుగా ఉన్న పెద్దగోడ మీద మరీ గట్టిగా విసిరింది. పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో ఆమెకు తెలియదా? దిష్టి తీసే ఎర్రనీళ్ళు పండగ పండక్కీ కలిపేది ఆ చేతులే. మడి తలకెక్కితే కళ్ళెదుటి సున్నం కూడా కనపడదు. తెల్లటి గోడంతా ఎర్రటి మరకలు లేచాయి. కోడిని కోసి విదిలించినట్టుంది.

వరదరాజులు జీవమ్మను చూసి మండిపడ్డాడు. "సున్నంలో ఏం కలిపినావ్? ఇట్లేంది ఇది?"

"నేను కలిపింది సున్నమే సామీ. పసుపు మీ ఇంట్లోది."

అంత మాట ఆమె ఏ ఇంట్లోనూ అని ఎరగదు. శ్రీరంగమ్మ చేతిలో చెంబు ఇంకా అట్లాగే ఉంది. ఆమె తప్పయిందని అనలేదు. ఆ మనిషిని ముందు అవతలికి పొమ్మనండి అని, జీవమ్మ వైపు కన్నెత్తి చూడకుండానే పూజగదిలోకి పోయింది. మళ్ళీ సున్నం కొడితే తడి ఆరే వేళ లేదు. అప్పటికే చక్రపాణి స్కూటరు మీద ముందుగా వచ్చి, కారు నంద్యాల దాటిందని చెప్పి, గోడ చూసి తల పట్టుకున్నాడు. దుప్పటి కడదామన్నారు, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పూలవీ చారలవీ. ఆకుపచ్చ పరదా విప్పుదామంటే కిటికీ బోడిదైపోతుంది.

రంగనాయకి చూపు జీవమ్మ చీర మీద ఆగింది. నోరు తెరిచి అడగలేదు. అడిగి ఉంటే జీవమ్మ కాదనేదేమో. ఆమె అడగకుండా అట్లా చూస్తూ నిలబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. జీవమ్మ చూపు మాత్రం గోడ మీదే ఉంది. రెండు రోజులు ఒళ్ళు విరుచుకుని చేసిన గది. దాన్ని అట్లా వదిలి పోవడం ఆమెకు చేతకాలేదు. ఇదే ఆమెలో ఉన్న లోపం అనుకుంటే అనుకోవచ్చు, లోకం ఆమె దగ్గర దోచుకుంది ఆ లోపంలోంచే.

గొడ్లపాక వెనక్కి పోయి సున్నపు మరకల పాతచీర మళ్ళీ చుట్టుకుని వచ్చింది. మిగిలిన కడ్డీని దూలం కిందే బిగించి, తెల్లచీరను సన్నటి మడతలుగా పోసి పైనుంచి కిందికి వదిలింది. లేసు అంచును అడుగున వచ్చేలా సర్దింది. మరకలు మాయమయ్యాయి. గది మునుపటికన్నా బాగుంది. ఆ చీర ఎవరిదో శ్రీరంగమ్మ చూడలేదు, రంగనాయకి చెప్పలేదు.

వీధిలో కారు హారను మోగింది. రంగనాయకి ఆమె ముఖంలోకి చూడకుండా, ఈ మరకల బట్టతో ముందర నిలబడితే ఏం బాగుంటుంది, పెరటి పక్కనుంచి పో అని గొణిగింది. జీవమ్మ సుత్తి, పట్టకారు, సూదుల డబ్బీ సంచిలో వేసుకుంది. గొడ్లపాక దాటుతుంటే ముందు గదిలోంచి ఎవరో ఆడమనిషి "అబ్బా, ఎంత బాగుందండీ" అనడం వినపడింది. ఆమె ఆగింది. గోడ అడ్డం. కాసేపు నిలబడి, బస్టాండుకు నడిచింది.

చీర కోసం ఆమె రెండుసార్లు కబురు పెట్టింది. ఆఫీసరు భార్యకు ఆ గోడ తెగ నచ్చిందనీ, వచ్చేపోయేవాళ్ళంతా మెచ్చుకుంటున్నారనీ, కొన్నాళ్ళు ఉండనిమ్మనీ జవాబు వచ్చింది. జీవమ్మ ఆ తర్వాత ఏ ఇంటికీ పోలేదు. మోకాళ్ళు లెయ్యడం లేదని చెప్పింది. వానాకాలంలో జ్వరం తగిలింది. ఒక ఆదివారం చర్చి గంట మోగే వేళకు, నీళ్ళు కావాలా అని దెబోరా అడిగితే వద్దని తల ఊపి, గోడ వైపు ఒత్తిగిల్లి పడుకుంది. మళ్ళీ ఇటు తిరగలేదు.

సమాధి చెయ్యడం మరునాడు పొద్దునకు పెట్టుకున్నారు. తల్లికి చివరి బట్ట కట్టాలని పెట్టె తెరిచి, తెల్లచీర ఇంకా తిరిగి రాలేదని గుర్తొచ్చిన దెబోరా, అదే సాయంత్రం ఆళ్ళగడ్డ బస్సెక్కింది. వరదరాజులు ఇంటి మెట్ల కింద నిలబడి, మా అమ్మ పోయింది, ఆమె చీర ఇస్తే పోతా అని చెప్పింది. రంగనాయకి గబగబా వాకిట్లోకి వచ్చింది.

"మెల్లగా మాట్లాడు తల్లీ. అది మీ అమ్మదని మా అత్తకు తెలీదు. తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది."

"మా అమ్మకు ఏం కట్టి మన్ను చెయ్యల్ల?"

రంగనాయకి లోపలికి పోయి కొత్త చీరొకటి తెచ్చి మెట్టు మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు. అది తీసెయ్యలేను, తీస్తే గోడ కనపడుతుంది, ఇది కట్టు అంది. నిజంగానే ఏడ్చింది కూడా. ఆ ఏడుపు ఎవరికి కావాలి?

దెబోరా మెట్టు మీది చీర ముట్టుకోలేదు. తెరిచిన వాకిలిలోంచి లోపలికి చూసింది. తల్లి చేసిన గదిని ఆమె చూడడం అదే మొదలు. కళ్ళు వాటంతటవే విప్పారాయి. ఆ ముఖం చూడవలసిన మనిషి నంద్యాలలో చాప మీద ఉంది. దెబోరా వెనక్కి తిరిగి వీధిలోకి నడిచింది. లోపల పెద్దగోడ నిండా తెల్లచీర వేలాడుతూనే ఉంది, ఫ్యాను గాలికి దాని లేసు అంచు నేలను తాకీ తాకనట్టు కదులుతోంది.