మెమిల్ లేని ఇల్లు

కొరియాలోని చున్‌చన్‌లో గుమ్‌రే ఇంటి మేడమీది గదిలో అద్దెకుండడానికి కెన్యా నుంచి ఎస్తర్ అనే అమ్మాయి వస్తోంది. ఇక్కడి విశ్వవిద్యాలయంలో చదువు. మెమిల్ గింజలు తనకు పడవని, రవ్వంత లోపలికి పోయినా ఊపిరాడదని ముందే రాసి పంపింది. ఆ గింజను ఇంగ్లీషులో బక్‌వీట్ అంటారట.

అరవై ఒకటో ఏట గుమ్‌రే ఆ మాట నేర్చుకోవడానికి కూర్చుంది. బడిపిల్లల్లాగే తెల్లకాగితం మీద అదే మాట రాసి, మళ్లీ రాసి, సందుల్లో కూడా రాసి, కాగితమంతా నల్లగా చేసింది.

"ఫోనుందిగా అమ్మా, అడిగితే అదే చెబుతుంది," అంది కూతురు సోరిన్.

"ఆ పిల్లకి ఊపిరాడకపోతే నీ ఫోను వెతుక్కుంటూ కూర్చోమంటావా?"

"బళ్లో ఇంత శ్రద్ధ చూపించుంటే ఈపాటికి మంత్రివయ్యేదానివి."

"నోర్మూసుకుని ఆ పిండి డబ్బా తియ్యి."

మెమిల్ నూడుల్సు, పిండి, టీ అన్నీ పక్కింటికి చేరాయి. గిన్నెలన్నీ రెండుసార్లు తోమింది.

శనివారం మధ్యాహ్నం ఎస్తర్ దిగింది. కొరియన్ కొద్దికొద్దిగా వచ్చు. "పిన్నిగారూ, చాలా అలసిపోయాను. కాసేపు పడుకుంటాను," అని పైకి వెళ్లింది.

గుమ్‌రే కూడా నడుం వాల్చి, తన దిండు సర్దుకుంది. అది గలగలమంది. ఇక్కడ ఏ ఇంట్లో దిండైనా అలాగే చప్పుడవుతుంది, లోపల ఉండేది మెమిల్ పొట్టే కాబట్టి. పై గదిలో వేసింది కూడా అలాంటిదే.

"బక్‌వీట్! బక్‌వీట్!" అని అరుస్తూ మెట్లెక్కింది.

ఎస్తర్ ఇంకా మంచం అంచున కూర్చుని మేజోళ్లు విప్పుతోంది. గుమ్‌రే దిండు లాక్కుని కిటికీలోంచి పెరట్లోకి విసిరేసింది.

"అమ్మా, పిచ్చెక్కిందా?" కింద నుంచి సోరిన్ కేక.

"దిండే! దిండులో పొట్టు!" గుమ్‌రే నేలమీదే కూలబడింది. "తిండి ఒక్కటే చూశాను తల్లీ. క్షమించు."

ఎస్తర్ గబగబా చేతులు కడుక్కొచ్చింది. దుప్పట్లు మార్చారు, ఇంట్లో మిగతా దిండ్లన్నీ పక్కింటికి చేర్చారు. అయినా ఆ పిల్ల మంచం మీద కూర్చోలేదు. గుమ్‌రే చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిరిగింది. మెత్త చూపించి, "బక్‌వీట్?" అంది.

"నో బక్‌వీట్. దూది."

"ఈ జాడీ?"

"నో బక్‌వీట్. ఉప్పు."

గోడమీద మామగారి ఫోటో దగ్గర ఆగి, కళ్లెగరేసి, "బక్‌వీట్?" అంది.

గుమ్‌రే ఆలోచించింది. "బతికున్నన్నాళ్లూ అదే తిన్నారు. ఇప్పుడు నో బక్‌వీట్."

ఎస్తర్ పగలబడి నవ్వింది. తరవాత పైకి వెళ్లి, పెట్టె తెరిచి బట్టలు సర్దుకోసాగింది.