నలభై మంది ఊదారంగు అత్తలు

ఎనిమిది నెలల్లో మొదటిసారి బోరమ్ తన బిడ్డను ఇంకొకరి చేతుల్లో పెట్టింది. అదీ మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చేంతసేపే.

"అత్తయ్యా, ఒక్క నిమిషం పట్టుకోండి. నిద్రలో ఉంది, తల కింద చెయ్యి పెట్టండి" అని ఇసుల్‌ని అందించి, కొండదారి గేటు దాటి లోపలికి పరుగెత్తింది. అత్తగారు "ఊఁ" అన్నారు. ఊదారంగు జాకెట్, నల్ల కళ్ళద్దాలు, నుదుటి మీద రేకులా పొడుచుకొచ్చిన టోపీ, మెడ నుంచి కళ్ళ కిందిదాకా లాక్కున్న ముఖం గుడ్డ. కొండకొచ్చిన ఏ అత్తగారైనా అలాగే ఉంటుంది.

అసలు బోరమ్ కొండెక్కడానికి రాలేదు. వొంజు ఊరి నుంచి అత్తగారి కొండలెక్కే సంఘం బస్సు వేసుకుని, ఆకులు ఎర్రబడే కాలం కదా అని కురుమ్‌జే కొండ చుట్టుదారికి బయలుదేరింది. "పిల్లకి ఎత్తు మీది గాలి తగిలితే చలికాలం దగ్గు రాదు. నువ్వు కింద బెంచీ మీద కూర్చో, మేం చుట్టేసి వస్తాం" అని అత్తగారు లాక్కొచ్చారు. బోరమ్ కాళ్ళకున్నవి ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులు. సంచిలో డైపర్లు నాలుగు, తడిగుడ్డలు, జ్వరం చూసే గొట్టం, అది పాడైతే ఉంటుందని ఇంకో గొట్టం.

మరుగుదొడ్డిలోంచి బయటికి వచ్చేసరికి గేటుకు తాడు కట్టి ఉంది. ఎర్ర చొక్కా, మెడలో ఈల ఉన్న ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందుకే."

"నేను కొండెక్కను తాతగారూ. మరుగుదొడ్డికి వచ్చానంతే."

"లోపలికి వచ్చిన వాళ్ళంతా ఎక్కేవాళ్ళే. ఈ నెలంతా దారి ఒకే వైపు. బాణం కనబడట్లా?"

"అదిగో, ఇరవై అడుగులు! నా బిడ్డ అక్కడుంది!"

"నీకు ఇరవై వదిలితే రేపొచ్చినవాడు నలభై అంటాడు. బయటికి పోయే గేటు అదిగో." ముసలాయన పక్కనే ఉన్న రెండో గేటు చూపించాడు. రెండింటికీ మధ్య ఒక్క చెత్తబుట్ట. "ఏడు కిలోమీటర్లు చుట్టిరా, అందులోంచి బయటికి వస్తావు. చుట్టుదారి అంటే అదే మరి."

ఆ మాటలంటుండగానే తాడు అవతలికి అత్తగారు వచ్చి నిలబడ్డారు. ఒక చేతిలో దోసకాయల సంచి, ఇంకో చేతిలో కొరికిన దోసకాయ. కొరకడం కోసం ముఖం గుడ్డ గడ్డం కిందికి దిగి ఉంది.

"ఏమే, లోపలేం చేస్తున్నావు? పిల్లేది?"

బోరమ్ తాడు పట్టుకుంది. "మీ చేతికే ఇచ్చాను కదా అత్తయ్యా!"

"నా చేతికా? నేను అప్పట్నుంచీ దోసకాయల బండి దగ్గరే ఉన్నాను!"

ఇద్దరూ ఒకేసారి కొండ వైపు చూశారు. దేవదారు చెట్ల మధ్య మెట్ల మీద ఊదారంగు జాకెట్లు బారులుగా పైకి పోతున్నాయి. అన్నీ ఒకే ఊదా. సంఘం పోయిన ఏడాది టోకున కుట్టించిన నలభై జాకెట్లు.

అత్తగారు సంఘం ప్రెసిడెంటుకి ఫోన్ చేశారు. మోగుతోంది, ఎత్తడం లేదు. ప్రెసిడెంటు ఫోన్లో పాటలు గట్టిగా పెట్టుకుని, దాన్ని సంచికి వేలాడదీసుకుని నడిచే మనిషి.

"నువ్వు ముందుకి పరుగెత్తు. నేను ఆ బయటి గేటు దగ్గర నిలబడతా" అన్నారు అత్తగారు. "ఎటు తిరిగినా చివరికి ఇక్కడికే కదా రావాలి. ఎక్కడికి పోతుంది?"

తొమ్మిదిన్నర అయింది. ఇసుల్‌కి పాలు పన్నెండింటికి. బోరమ్ చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లెక్కింది.

మొదటి ఊదా జాకెట్ మూడో మలుపులో బండ మీద కూర్చుని ఉడికించిన గుడ్డు ఒలుస్తోంది. బోరమ్ అడక్కుండానే ఆమె ముఖం గుడ్డ కిందికి లాగేసింది. ఎవరో తెలియని పెద్దావిడ.

"ఇదేంటమ్మాయ్! గుడ్డు కావాలంటే అడగొచ్చుగా!"

"పాపని చూశారా పిన్నిగారూ? కుడి బుగ్గ మీద మచ్చ, పసుప్పచ్చ మేజోళ్ళు..."

"ఓ, ఆ బంగారమా! నేనే ఎత్తుకున్నా గదా కాసేపు. ఇదిగో, ఇక్కడ చొంగ కార్చింది." ఆవిడ భుజం మీది మరకను పతకంలా చూపించింది. "చేతులు లాగుతుంటే ముందున్నావిడకి ఇచ్చా. ప్యో గారి మనవరాలట కదా?"

"నా కూతురు!"

"అయితే ప్యో గారి కోడలివా! పరుగెత్తకు, అలుపొస్తుంది. పది నిమిషాల ముందే ఉన్నారు. చేరుకున్నట్టే."

పది నిమిషాలు ఎక్కింది. ఇరవై ఎక్కింది. ప్యో గారు దొరికారు. ఆవిడకి మనవరాళ్ళే లేరట. "మాంగ్ గారి మనవరాలని చెప్పారు నాకు. ముందుకి ఇచ్చేశా. నీరసంగా ఉన్నావు, దోసకాయ తిను." మాంగ్ గారు దొరికారు. ఆవిడ ఏం అనుకుందంటే, పాపని ప్రెసిడెంటు తెచ్చిందని, ఈసారి సంఘం ఆటపోటీల్లో అదొక ఆట అయి ఉంటుందని.

"అసలు మొదట పుచ్చుకున్నది ఎవరండీ?" బోరమ్ గొంతు ఏడుపులోకి జారింది.

"నేనే" అంది పక్కన చెట్టుకి వీపు రుద్దుకుంటున్న ఇంకో ఊదా. "ఎవరో అమ్మాయి అత్తయ్యా అని చేతిలో పెట్టింది. నాకు ముగ్గురు కోడళ్ళు. ఏ కోడలు ఎప్పుడు ఏం పెడుతుందో నేను అడగను."

"చూసుకోవద్దా ఎవరి పిల్లో?"

"నువ్వు చూశావా ఎవరి అత్తో?"

బోరమ్ మెట్ల పైకి చూసింది.

"ఎంత దూరంలో ఉన్నారు?"

"పది నిమిషాలు. చేరుకున్నట్టే."

"మీరు పైదాకా వెళ్ళారా?"

"లేదమ్మా, ఇంకా ఎక్కాలి."

"మరి పది నిమిషాలని మీకెలా తెలుసు?"

ఆవిడ బోరమ్ వైపు జాలిగా చూసింది. "కొండ మీద అడిగితే అలాగే చెప్పాలి తల్లీ. గంటన్నర అంటే నువ్వు ఇక్కడే కూలబడవూ?"

శిఖరం చేరేసరికి పన్నెండుంపావు. పాలు చేపుకొచ్చి పలచటి చొక్కా రెండు చోట్ల తడిసిపోయింది. మీద గాలి కోస్తోంది. కొండ పేరు చెక్కిన రాయి పక్కన ఫోటోల కోసం వరుస కట్టిన ఊదా జాకెట్లు ఆమెను చూసి గోల పెట్టాయి.

"అయ్యయ్యో, పాలిచ్చే పిల్ల! చలిగాలిలో ఇట్లాగా?"

ఎవరో తన జాకెట్ విప్పి తొడిగేశారు. ఎవరో టోపీ పెట్టారు. "ముఖం నల్లబడుతుంది" అని ఇంకెవరో కళ్ళ కిందిదాకా గుడ్డ లాగారు. మళ్ళీ వాళ్ళే ఆ గుడ్డ కిందికి లాగి, "నోరు తెరువు" అని సముద్రపు నాచులో అన్నం చుట్టిన కింబాప్ ముక్క కుక్కారు.

"పాప..." అంది బోరమ్ నిండిన నోటితో.

"ప్రెసిడెంటు ఎత్తుకుని ఇప్పుడే దిగింది. బంగాళాదుంప మెత్తగా నలిపి పెట్టాం, నాలుగు ముద్దలు తింది. ఇదిగో ఫోటో!"

ఫోన్లో ఇసుల్ ఉంది. ప్రెసిడెంటు చంకలో, రాయి మీద చెయ్యి వేసి, కింది చిగురు మీది రెండు పళ్ళూ కనబడేలా నవ్వుతోంది. ఇసుల్‌ని తల్లి చంక దిగితే ఊపిరి బిగబట్టి నీలం తిరిగే పిల్లగా చుట్టాలందరూ ఎరుగుదురు. ఎవరైనా చెయ్యి చాపితే బోరమే ముందు అడ్డం చెప్పేది, "మీ దగ్గర ఉండదండీ" అని. ఫోటోలో ఆ పిల్ల నవ్వుకి చిగుళ్ళన్నీ కనబడుతున్నాయి. బిడ్డ క్షేమంగా ఉందని బోరమ్‌కి ప్రాణం లేచి వచ్చింది. దాని వెనకే ఇంకేదో చిన్నగా గుచ్చుకుంది. దాని సంగతి తర్వాత చూసుకుందామని బోరమ్ దిగడం మొదలుపెట్టింది.

దిగుడంతా క్యాబేజీ మళ్ళ అంచున. ఒక చెప్పు తెగింది. దాన్ని గడ్డితో కట్టింది. మళ్ళీ తెగింది. చేత్తో పట్టుకుంది. దారిలో కనబడ్డ ప్రతి ఊదా ముఖాన్నీ విప్పించింది. విప్పినవాళ్ళు ఎవరూ కోప్పడలేదు, అందరూ "పది నిమిషాలు" అన్నారు.

రెండు కావస్తుండగా బయటి గేటు కనబడింది. గేటు పక్కన ఒక ఊదా జాకెట్. ఆ వీపున దుప్పటితో కట్టిన మూట. మూటలోంచి వేలాడుతూ పసుప్పచ్చ మేజోళ్ళు.

బోరమ్ వెళ్ళి ఎదురుగా నిలబడింది. "ముఖం చూపించండి."

"నేనేనే!"

"చూపించండి."

"కట్టుకున్నవాడి తల్లిని, గొంతు గుర్తుపట్టలేవూ?"

"ఈ పూట గొంతులు నమ్మను. అద్దాలు కూడా తీయండి."

గుడ్డ దిగింది, అద్దాలు లేచాయి. అత్తగారే. "ఏం చెప్పమంటావు! ప్రెసిడెంటు పావుగంట క్రితం దిగింది. ఊదా జాకెట్ కనబడగానే 'ఇదిగో, ఇక నీ వంతు' అని నా చేతిలో పెట్టేసి సూపు తాగడానికి పోయింది. ఎవరి పిల్లో కూడా తెలీదు దానికి!"

బోరమ్ చేతులు చాపింది. ఇసుల్ ఆమెను చూసి ఊపిరి బిగబట్టి, నీలం తిరిగి, కెవ్వుమంది.

"నా తల్లీ, అమ్మనే, అమ్మని!"

"ముందు నీ ముఖం చూపించు" అన్నారు అత్తగారు.

అప్పటిదాకా బోరమ్‌కి గుర్తే లేదు. టోపీ, గుడ్డ లాగిపారేసింది. ఇసుల్ ఏడుపు మధ్యలో ఆపి, ఒక్క క్షణం పరకాయించి చూసి, రెండు చేతులతో ఆమె ముక్కు పట్టుకుంది. పిల్ల జుట్టంతా నువ్వుల నూనె వాసన, నలభై ఒళ్ళ వాసన. బెంచీ మీద కూర్చుని బోరమ్ పాలిచ్చింది, ఏడ్చింది, దోసకాయ తింది, మూడూ ఒకేసారి.

పిల్ల కడుపు నిండి తూగుతుంటే అత్తగారు మళ్ళీ టోపీ పెట్టి, గుడ్డ బోరమ్ ముఖం మీదికి లాగారు. "ఎండ చూడు ఎట్లా ఉందో." బోరమ్‌కి వద్దనే ఓపిక లేదు.

అప్పుడే ఇంకో ఊరి సంఘం బస్సు వచ్చి ఆగింది. వాళ్ళ జాకెట్లూ ఊదావే.

బస్సు దిగి ఒక అమ్మాయి పరుగున వచ్చింది. "అత్తయ్యా, ఒక్క నిమిషం!" అంటూ పసిబిడ్డ ఉన్న నీలం మూట ఒకటి బోరమ్ ఖాళీ చేతిలో పెట్టి, గేటు దాటి మరుగుదొడ్డి వైపు పోయింది. బోరమ్ నోరు విప్పేలోపే పోయింది.

ఒక చేతిలో ఇసుల్, ఒక చేతిలో ఎవరిదో గుండుపిల్ల. బోరమ్ లేచి తాడు దాకా వెళ్ళి నిలబడింది. రెండు నిమిషాలకు లోపల్నుంచి ఈల వినబడింది. "ముందుకే!" అంటున్నాడు ముసలాయన.

"అమ్మాయ్!" బోరమ్ గడ్డం భుజానికి రుద్ది గుడ్డ కిందికి దించుకుంది. "నేను మీ అత్తని కాదు! నా ముఖం బాగా చూసుకో! ఇక్కడే నిలబడతా, ఎవరికీ ఇవ్వను, ఒక్క అడుగు కదలను!"

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. కాళ్ళకి పట్టీల చెప్పులు. "ఎంతసేపు పడుతుందక్కా చుట్టి రావడానికి?"

బోరమ్ ఆ అమ్మాయి చెప్పుల వైపు చూసింది, మెట్ల వైపు చూసింది. చేతిలో గుండుపిల్ల అప్పుడే చొంగ కార్చడం మొదలుపెట్టింది.

"పది నిమిషాలు" అంది. "చేరుకున్నట్టే. నడు."